తొలి పది నిమిషాల యుద్ధం

2016 డిసెంబరు చివర్లో కోనసీమలో సఖినేటిపల్లి మండలంలోని మోరి, మోరిపోడు గ్రామాలకు ఇంటింటికీ ఫైబర్ లైను వచ్చింది. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. లైను వేసినవాళ్ళ లెక్కలో కంప్యూటర్ ఆటలు ఉండి ఉండవు. కానీ అమలాపురం, రాజోలు, కొత్తపేట నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, రెడ్ అలర్ట్, జనరల్స్ ఆడిన తరం పోయి, ఇంట్లో కూర్చుని హైదరాబాదులోని బావతోనూ డల్లాస్‌లోని అన్నయ్యతోనూ ఒకే జట్టుగా ఆడే తరం వచ్చిందంటే ఇలాంటి లైన్ల పుణ్యమే. ఈ జట్లన్నిటికీ ఉమ్మడి బాధ ఒకటుంది. ఆట మొదలై పది నిమిషాలు అయ్యీ అవకముందే నలుగురిలో ఒకడి మీద శత్రువులు విరుచుకుపడతారు. వాడు కుప్పకూలతాడు. మిగతా ముగ్గురూ మరో అరగంట ఈడ్చి ఈడ్చి ఓడిపోతారు.

దీన్నే రష్ అంటారు. ఎదుటివాడు ఇంకా కట్టెలు కొట్టుకుంటూ, గొర్రెలు కోసుకుంటూ ఉండగానే, తన సంపాదన తగ్గించుకుని మరీ నలుగురు సైనికుల్ని తయారుచేసి పంపడం. దీన్ని ఎలా తట్టుకోవాలన్న దాని మీద పాతికేళ్ళుగా పోగుపడిన సలహాలకు కొదవలేదు. చిక్కేమిటంటే వాటిలో చాలా మటుకు ఒకరితో ఒకరు తలపడే ఆట కోసం పుట్టినవి. ఎవడి మీద పడ్డారో వాడేం చేయాలో అవి చెబుతాయి. పక్కనున్న ముగ్గురూ ఏం చేయాలో చెప్పవు. జట్టు ఆటలో రష్ ఫలితం తేలేది ఆ ముగ్గురి చేతుల్లోనే అని నా వాదన. అందుకే ఉన్న సలహాలను ఒక్కసారి బోర్లించి చూడాలనిపించింది.

ముందు ఒంటరి ఆట సంగతి. రష్ అనగానే అందరూ చెప్పే పేరు స్టార్‌క్రాఫ్ట్. 1998లో వచ్చిన ఆ ఆటలో జెర్గ్ జాతివాడు కూలీలను పెంచడం ఆపేసి, స్పానింగ్ పూల్ కట్టేసి, 50 ఖనిజాలకు రెండు చొప్పున జెర్గ్లింగ్‌లను పుట్టించి పంపేవాడు. ఆ తాకిడికి ఎంత పేరొచ్చిందంటే 2012లో గూగుల్ తన వెతుకులాట పేజీలో ‘జెర్గ్ రష్’ అని కొడితే అక్షరాలను తినేసే తమాషా ఒకటి పెట్టింది. ఆట తయారుచేసిన బ్లిజార్డ్‌కు మాత్రం ఆ తాకిడి తమాషాగా తోచలేదు. 2001 నాటి సవరణలో స్పానింగ్ పూల్ ఖర్చును 150 నుంచి 200 ఖనిజాలకు పెంచింది. పెరిగింది 50 ఖనిజాలే అయినా, అవి కూడబెట్టేసరికి ఎదుటివాడికి నాలుగు క్షణాల ఊపిరి దొరికింది.

ఇంతకన్నా చెప్పుకోదగ్గ కథ 2004 నవంబరులో దక్షిణ కొరియాలో జరిగింది. ఎవర్ ఓఎస్ఎల్ అనే స్టార్‌క్రాఫ్ట్ పోటీ సెమీఫైనల్. ఒక పక్క బాక్సర్ అనే పేరుతో ఆడే లిమ్ యో హ్వాన్, రెండో పక్క యెల్లో అనే పేరుతో ఆడే హాంగ్ జిన్ హో. ఇద్దరికీ ఏళ్ళ తరబడి పోటీ. అయిదు ఆటల పోరు చూద్దామని దేశం టీవీల ముందు కూర్చుంటే బాక్సర్ మొదటి ఆటలో కూలీలను వెంటేసుకుని వెళ్ళి యెల్లో గుమ్మంలో బంకర్ కట్టి గెలిచాడు. రెండో ఆటలోనూ అదే. మూడో ఆటలో మళ్ళీ అదే. భోజనాలకు లేచి వచ్చేసరికి పోటీ అయిపోయిందని కొరియావాళ్ళు ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. ఫైనల్లో బాక్సర్ తన శిష్యుడు చోయ్ యాన్ సాంగ్ చేతిలో 3-2తో ఓడిపోయాడన్నది చాలామందికి గుర్తుండదు.

ఈ కథను రష్ గొప్పతనానికి ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. ప్రపంచంలో మొదటి వరసలో నిలబడే ఆటగాడికి కూడా, ఒకసారి దెబ్బ తగిలాక, అదే దెబ్బ మళ్ళీ రావచ్చని తెలిసి కూడా, ఒంటరిగా ఆపడం చేతకాలేదు. అలాంటిది వారానికి రెండు రాత్రులు ఆడే మన రాజోలు కుర్రాడు తన మీదకు ఇద్దరు కలిసి వస్తే ఒంటిచేత్తో ఎందుకు ఆపలేదని జట్టంతా తిట్టడంలో అర్థం లేదు.

ఇక మనవాళ్ళు నేటికీ ఎక్కువగా ఆడే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 దగ్గరకు వద్దాం. 1999లో వచ్చిన ఈ ఆట 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్‌గా మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఇందులో రష్ ఎప్పుడొస్తుందన్నది జాతకం చూసి చెప్పేది కాదు, కూడికలతో తేలిపోతుంది. ఆట ముగ్గురు విలేజర్లతో, అంటే పనివాళ్ళతో, ఒక స్కౌట్ గుర్రంతో మొదలవుతుంది. ఒక్కో విలేజర్ తయారవడానికి 25 సెకన్లు. 19 మంది విలేజర్లు కావాలంటే మరో 16 మందిని చేయాలి, అంటే 400 సెకన్లు. విలేజర్ల ప్రాణం పెంచే లూమ్‌కి ఇంకో 25. మొదటిదైన చీకటి యుగం నుంచి ఫ్యూడల్ యుగానికి వెళ్ళడానికి 500 ఆహారం, 130 సెకన్లు. మొత్తం 555 సెకన్లు, అంటే తొమ్మిదింబావు నిమిషాలు. ఆపైన గుర్రాల శాల కట్టాలి, ఒక్కో గుర్రానికి 30 సెకన్లు ఆగాలి. ఈ లెక్కన ఎంత చురుకైనవాడైనా కొత్త గుర్రాలతో పదో నిమిషం దాటాకే మీ కట్టెల దగ్గరికి వస్తాడు. చీకటి యుగంలోనే బ్యారక్స్ కట్టి ముగ్గురు మిలీషియాను పంపే డ్రష్ అయితే అయిదారు నిమిషాలకే వచ్చేస్తుంది, కానీ అది గిల్లి పోయే రకం, కోలుకోవచ్చు. టవర్ల రష్‌కు రాయి కావాలి కాబట్టి ఎదుటివాడి విలేజర్లు పెందలాడే రాళ్ళ గని దగ్గర కనిపిస్తారు.

ముప్పును ముందే పసిగట్టడం మన గోదావరివాళ్ళకు కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్ళు మూడో హెచ్చరిక దాకా మంచం మీద పడుకోరు. మొదటిదానికే పశువులను గట్టెక్కించే ఏర్పాటు చూస్తారు, రెండోదానికి గింజలు అటకెక్కిస్తారు. రష్‌కు కూడా ఇలాంటి మెట్లు మూడున్నాయి. ఎదుటివాడి ఊళ్ళో చీకటి యుగంలోనే బ్యారక్స్ కనబడితే మొదటి మెట్టు: లూమ్ చేసుకోవాలి, ఇళ్ళు కట్టేటప్పుడు గోడ వరసలో పడేలా కట్టుకోవాలి. వాడి విలేజర్లు బంగారం మీదికి వెళ్ళారా, ఆహారం మీదే ఉన్నారా అన్నది రెండో మెట్టు. బంగారమైతే విలుకాళ్ళు, ఆహారమైతే గుర్రాలు. విలుకాళ్ళయితే మనకు ఈటెలు విసిరే స్కిర్మిషర్లు కావాలి, గుర్రాలైతే బల్లేలు పట్టే స్పియర్లు కావాలి. మూడో మెట్టు, సైనికులు మన పొలిమేరలో కనబడటం. అప్పుడు చేసేదేమీ పెద్దగా ఉండదు, ముందు చేసుకున్నది కాపాడుతుంది అంతే. స్కౌట్ గుర్రాన్ని తొలి అయిదు నిమిషాలు మన గొర్రెల కోసం తిప్పి, ఆ తర్వాత ఒక మూల వదిలేయడం మనవాళ్ళలో నేను చూసిన అతి పెద్ద లోపం. జట్టులో నాలుగు స్కౌట్లుంటాయి. వాటిలో ఒక్కటైనా ఏడో నిమిషానికి అవతలి వాళ్ళ బ్యారక్స్ ముందు నిలబడి ఉండాలి.

దెబ్బ తినేవాడు చేయాల్సిన పనుల గురించి ఎంతో రాశారు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. లూమ్‌తో విలేజర్ ప్రాణం 25 నుంచి 40 అవుతుంది, 50 బంగారానికి ఇంతకన్నా మంచి బేరం ఆ దశలో లేదు. కట్టె గోడకు గడికి కొద్దిపాటి కట్టెలే, ఇంటికి 25 కట్టెలు. స్పియర్‌మన్‌కు 35 ఆహారం, 25 కట్టెలు. వాడు చంపేది 80 ఆహారం పోసి చేసిన గుర్రాన్ని. ఇద్దరు ముగ్గురు స్పియర్లు కట్టెల దగ్గర నిలబడితే గుర్రాలు వేరే చోటు వెతుక్కుంటాయి. గంట కొట్టడం గురించి మాత్రం ఒక మాట. ప్రమాదం రాగానే టౌన్ బెల్ నొక్కి విలేజర్లందరినీ టౌన్ సెంటర్‌లో దాచేయడం కొత్తవాళ్ళకు అలవాటు. ఒక్కో విలేజర్ నిమిషానికి ఇరవై చిల్లర వనరులు తెస్తాడనుకుంటే, పదిహేను మంది ఒక నిమిషం లోపల కూర్చుంటే మూడొందలు పోయినట్టు. ఎదుటివాడు ఒక్కడినీ చంపకుండానే దాదాపు నాలుగు గుర్రాల ఖరీదు రాబట్టుకున్నాడు. దాడి ఎటు పడిందో ఆ పక్కవాళ్ళను మాత్రమే లోపలికి తీసుకోవాలి, తక్కినవాళ్ళ పని ఆగకూడదు.

అసలు విషయం ఇక్కడి నుంచి. నలుగురు నలుగురుగా ఆడేటప్పుడు, అరేబియా లాంటి బట్టబయలు మైదానంలో, చెరో చివర ఉన్న ఇద్దరినీ ఫ్లాంక్ అంటారు, మధ్యలో ఉన్న ఇద్దరినీ పాకెట్ అంటారు. ఫ్లాంక్‌లో ఉన్నవాడికి ఎదురుగా శత్రు ఫ్లాంక్ ఉంటాడు. పాకెట్‌లో ఉన్నవాడికి వెంటనే వచ్చి పడే ప్రమాదం తక్కువ. అందుకని ఫ్లాంక్‌వాళ్ళు విలుకాళ్ళతోనూ పాకెట్‌వాళ్ళు గుర్రాలతోనూ మొదలుపెట్టడం ఆనవాయితీ. గుర్రాలు దూరం పోగలవు కదా. తెలివైన శత్రువు చేసేది ఏమిటంటే, తన ఫ్లాంక్ విలుకాళ్ళతో మన ఫ్లాంక్‌వాణ్ణి పట్టి ఉంచి, తన పాకెట్ గుర్రాలను కూడా అదే చోటికి పంపుతాడు. ఒకడి మీద ఇద్దరు. విలుకాళ్ళ కోసం స్కిర్మిషర్లు చేస్తే గుర్రాలు తొక్కేస్తాయి, గుర్రాల కోసం స్పియర్లు చేస్తే విలుకాళ్ళు కూలుస్తారు. ఈ ముడిని ఒక్కడు విప్పలేడు, వాడు ఎంతటివాడైనా సరే. వాడి పక్క పాకెట్ తన గుర్రాలతో వచ్చి ఆ విలుకాళ్ళను తరమాల్సిందే.

అప్పుడు మిగతావాళ్ళ ముందు మూడు దార్లుంటాయి. సైన్యం పంపడం ఒకటి, వనరులు పంపడం రెండు, తన ఎదుటివాడి ఊరి మీద పడటం మూడు.

మన జట్లు ఎక్కువగా రెండో దారి పడతాయి. ఎందుకంటే అది తేలిక, నాలుగు బటన్లు నొక్కితే అయిపోతుంది, సాయం చేశామన్న తృప్తి కూడా మిగులుతుంది. కానీ లెక్క చూడండి. వనరులు పంపాలంటే మార్కెట్ ఉండాలి, దానికి 175 కట్టెలు. పంపిన దానిపై 30 శాతం సుంకం. కాయినేజ్ పరిశోధన చేస్తే 20కి తగ్గుతుంది, బ్యాంకింగ్ చేస్తేనే పూర్తిగా పోతుంది, అవి ఆ పదో నిమిషంలో ఎవరి దగ్గరా ఉండవు. 100 ఆహారం చేరాలంటే 130 వదులుకోవాలి. పైగా చేరిన ఆహారం సైనికుడు కావడానికి బ్యారక్స్ ఖాళీగా ఉండాలి, అది అప్పటికే శత్రువు చేతిలో ఉండకూడదు. రష్ పడిన మొదటి మూడు నిమిషాల్లో వనరులు పంపడం దండగ అని నా నిశ్చితాభిప్రాయం. దాడి చల్లబడ్డాక, విలేజర్లు సగం పోయిన ఫ్లాంక్ మళ్ళీ నిలదొక్కుకునేటప్పుడు అవే వనరులు ప్రాణం పోస్తాయి. ఆటగాళ్ళు స్లింగ్ అని పిలిచే ఈ పద్ధతికి సరైన వేళ అది.

సైన్యం పంపడమే మొదటి మందు. అయిదు గుర్రాలు చాలు. గెలవనక్కర్లేదు, శత్రు విలుకాళ్ళు వెనక్కి తిరిగి నడిచేలా చేస్తే చాలు, వాళ్ళు నడిచే ప్రతి క్షణం మన ఫ్లాంక్ గోడ మూసుకుంటాడు. ఇక్కడ పాకెట్‌వాడికి లోపల ఒక పీకులాట ఉంటుంది. ఆ 400 ఆహారం దాచుకుంటే తను ముందుగా కోట యుగానికి వెళ్ళి నైట్లను దించగలడు. దానికి 800 ఆహారం, 200 బంగారం కావాలి. ‘నేను ముందు కాసిల్‌కి వెళ్ళిపోయి వచ్చి అందర్నీ దున్నేస్తాను, కాసేపు ఓర్చుకోండ్రా’ అనే మాట ప్రతి జట్టులోనూ వినబడుతుంది. ఒక్కోసారి నిజమవుతుంది కూడా. ఎక్కువసార్లు ఏమవుతుందంటే, పెద్దమనిషి నైట్లతో దిగేసరికి ఓర్చుకున్నవాడి ఊరు ఉండదు, ముగ్గురి సంపాదనతో నలుగురి మీద యుద్ధం చేయాల్సి వస్తుంది.

మూడో దారి, ఎదురుదాడి, దూరాన్ని బట్టి ఉంటుంది. మన జట్టులో అటు చివరి ఫ్లాంక్‌వాడు మైదానమంతా దాటి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. వాడు రాకూడదు. వాడి ఎదుటివాడు ఎక్కడికో సైన్యం పంపి ఉంటే ఆ శత్రువు విలేజర్లు కాపలా లేకుండా ఉంటారు, అక్కడ పడాలి. రష్ చేసేవాడు తన సంపాదన తగ్గించుకుని వచ్చాడన్నది మరిచిపోకూడదు. మొదటి దెబ్బ ఫలించకపోతే, వాడి జట్టుకే లోటు.

మాట్లాడుకోవడం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే సగం ఆటలు అక్కడే పోతాయి. ‘ఆయ్! వచ్చేసార్రా బాబూ, అయిపోయాన్రా!’ అన్న కేకలో పక్కవాడికి పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. ‘గుర్రాలు నాలుగు, విలుకాళ్ళు ముగ్గురు, కట్టెల వైపు, స్పియర్ ఒక్కడే ఉన్నాడు’ అంటే పాకెట్‌కి ఎటు రావాలో, ఎంత తేవాలో తెలుస్తుంది. ఏవి, ఎన్ని, ఎటు, మన దగ్గరేముంది: ఈ నాలుగూ ఒక్క గుక్కలో చెప్పడం అలవాటు చేసుకోవాలి. తిట్లు ఆట అయ్యాక కావలసినన్ని తిట్టుకోవచ్చు.

మన జట్లలో ఇంకో పాత జబ్బు ఉంది. అందరికన్నా బాగా ఆడేవాడు, తరచుగా వయసులో పెద్దవాడు, పాకెట్ తీసుకుంటాడు. నిన్నగాక మొన్న నేర్చుకున్న తమ్ముణ్ణి ఫ్లాంక్‌లో నిలబెడతారు. సొంత లాబీలో ప్లేయర్ నంబర్లను బట్టి ఎవరెక్కడ పడతారో ముందే తెలుసు కాబట్టి ఇది కావాలని చేసే పనే. నైట్లతో ఊళ్ళు తొక్కే ముచ్చట పెద్దవాడికి, చావు చిన్నవాడికి. రష్‌ను మొదట ఎదుర్కొనే చోట చేయి తిరిగినవాడు ఉండాలన్నది చిన్నపిల్లాడికైనా తోచే మాట. తోచినా చేయరు.

2022 ఏప్రిల్‌లో ఈ ఆటకు ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ విస్తరణ వచ్చింది. ద్రవిడియన్లు, బెంగాలీలు, గుర్జరలు కొత్తగా చేరారు. ద్రవిడియన్లు తమిళం మాట్లాడతారు, రాజేంద్ర చోళుడి మీద ఒక కథనం కూడా ఉంది. తెలుగు మాట్లాడే సైన్యం ఇంకా రాలేదు. రష్ దృష్టితో చూస్తే ద్రవిడియన్లు ఫ్లాంక్‌కు పుట్టినవాళ్ళు. బ్యారక్స్‌లో చేసే పరిశోధనలు సగం ఖర్చుకే దొరుకుతాయి, స్కిర్మిషర్లు వేగంగా విసురుతారు, ప్రతి యుగం మారగానే 200 కట్టెలు ఊరికే వస్తాయి. అవి గోడకూ ఇళ్ళకూ సరిగ్గా అవసరమైన వేళకు అందుతాయి. నైట్లు లేరు కాబట్టి పాకెట్‌లో వాళ్ళను తీసుకోవడం తెలివితక్కువ పని. అభిమానం కొద్దీ ఎక్కడ పడితే అక్కడ ద్రవిడియన్లను ఎంచుకునే మనవాళ్ళు ఈ తేడా గమనిస్తే మంచిది.

మిగతా ఆటలు ఈ ప్రశ్నకు ఏం జవాబులు చెప్పాయో చూస్తే మన ఆట లోపాలు ఇంకా బాగా తెలుస్తాయి. 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3 అన్నిటికన్నా తెలివిగా ఆలోచించింది. మొదటి హీరోకు టౌన్ పోర్టల్ పత్రం ఒకటి ఉచితంగా ఇచ్చింది, దానితో హీరో తన సైన్యాన్ని వెంటేసుకుని మిత్రుడి ఊరికి కూడా క్షణాల్లో చేరగలడు. అంటే దూరం అనే సాకు ఎవరికీ లేదు. రాలేదంటే రావాలనుకోలేదనే. మనుషుల జాతిలో కూలీలు గంట మోగగానే కొద్దిసేపు ఆయుధాలు పట్టి మిలీషియాగా మారతారు, ఓర్క్‌ల కూలీలు బొరియల్లో దూరి లోపల్నుంచి ఈటెలు విసురుతారు. దాక్కోవడం వల్ల పని ఆగినా పోరాటం ఆగదు.

ఉచితంగా దొరికే ‘జీరో ఏడీ’ మన విద్యార్థులకు బాగా సరిపోయే ఆట. పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, మౌర్యులు కూడా ఉన్నారు. ఇందులో సైనికులే పొలం దున్నుతారు, కట్టెలు కొడతారు. కాబట్టి రష్‌కు పంపిన ప్రతి సైనికుడూ సంపాదన మానేసిన కూలీ. ఆపేవాడికి మాత్రం ఊళ్ళో పనిచేస్తున్నవాళ్ళంతా ఆ క్షణాన సైన్యమే. అయినా తొలినాళ్ళలో అశ్వికులు వచ్చి పళ్ళు కోసే మహిళలను చంపిపోవడం ఇక్కడ సర్వసాధారణం, ఎందుకంటే గుర్రం పారిపోగలదు, కాలిబంటు తరమలేడు. ఇక్కడా మందు పక్కవాడి గుర్రాలే.

‘బియాండ్ ఆల్ రీజన్’ అనే మరో ఉచిత ఆటలో ఎనిమిది మంది ఎనిమిది మందితో తలపడతారు. 1997 నాటి టోటల్ అనిహిలేషన్ దానికి తాత. ఇందులో విరిగిన యంత్రాల తుక్కు నేల మీద పడి ఉంటుంది, దాన్ని ఏరుకుంటే లోహం దొరుకుతుంది. రష్ విఫలమై శత్రువు యంత్రాలు మన గుమ్మంలో విరిగిపడితే, వాటి తుక్కుతో మనం కోట కట్టుకోవచ్చు. ఓడిన దాడికి ఇంత స్పష్టంగా శిక్ష వేసిన ఆట మరొకటి నాకు తెలియదు. ముందు వరసలో నిలబడేవాడు, వెనక ఉండి సాంకేతికత పెంచేవాడు, విమానాలవాడు అని పని విభజన కూడా ముందే జరిగిపోతుంది. వెనకున్నవాడు తన తొలి ఉన్నత శ్రేణి యంత్రాలను ముందువాళ్ళకు పంచి ఇవ్వడం అక్కడ మర్యాద. మన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పాకెట్ వీరులు నాలుగు రోజులు ఆ ఆట ఆడొస్తే బాగుపడతారు.

స్టార్‌క్రాఫ్ట్‌లో ఇద్దరిద్దరి ఆట కొరియా ప్రో లీగ్‌లో చాలా ఏళ్ళు ఉండి, 2008 తర్వాత కనుమరుగైంది. దాదాపు ప్రతి జోడీలోనూ ఒక జెర్గ్ ఉండటం, ఇద్దరూ కలిసి ఒకడి మీద తొలి నిమిషాల్లోనే పడటం మామూలైపోయింది. ఇద్దరే ఉన్న జట్టులో ఒకడు పోతే మిగిలేది సగం. వియత్నాంలో సంగతి వేరు: అక్కడ 1997 నాటి మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను ఇప్పటికీ నలుగురు నలుగురుగా పోటీల్లో ఆడుతున్నారు, వేల మంది చూస్తున్నారు. జట్టు మొత్తం ఒకే శరీరంలా కదలడం నేర్చుకోవాలంటే ఆ పోటీల వీడియోలు చూడటం మంచి చదువు, భాష అర్థం కాకపోయినా.

రష్ అన్యాయమా అన్న చర్చ ఎప్పుడూ ఉంది. నెట్ సెంటర్ల రోజుల్లో ‘ఇరవై నిమిషాల దాకా ఎటాక్ చెయ్యకూడదు’ అని ముందే ఒట్టు వేయించుకునేవారు. ఇప్పుడు ఆటలోనే ఒప్పందం సెట్టింగు ఉంది, ఆ గడువు దాకా ఎవరూ ఎవరినీ కొట్టలేరు. చుట్టూ రాతి గోడతో మొదలయ్యే అరీనా మైదానమూ ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇవి మంచివే, కాదనను. కానీ రష్ భయం పూర్తిగా పోతే ఎవరూ తొందరగా సైనికుణ్ణి చేయరు, గోడ కట్టరు, స్కౌట్‌ను తిప్పరు. ఎవడు ఎక్కువ ఆశపడితే వాడే గెలుస్తాడు. ఆశపోతును రష్ చేసేవాడు కొడతాడు, కాచుకున్నవాడు రష్ చేసేవాణ్ణి కొడతాడు, అతిగా కాచుకున్నవాణ్ణి ఆశపోతు దాటిపోతాడు. ఈ మూడింటిలో ఒకటి తీసేస్తే ఆట కుంటిదవుతుంది. రూపకర్తలు కూడా రష్‌ను చంపకుండా సమయాన్ని సర్దుతూ వచ్చారు. స్టార్‌క్రాఫ్ట్ 2లో 2015 దాకా ఆట ఆరుగురు కూలీలతో మొదలయ్యేది, ఆ ఏడాది నవంబరులో వచ్చిన లెగసీ ఆఫ్ ది వాయిడ్ దాన్ని పన్నెండుకు పెంచింది. తొలి రెండు మూడు నిమిషాల ఖాళీ తగ్గింది, రష్‌లు మాత్రం పోలేదు.

చివరగా మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి: కరెంటు, నెట్, పాత యంత్రాలు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఎలా నడుస్తుందో దాన్ని తయారుచేసిన పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. ఎనిమిది కంప్యూటర్లూ ఒకే ఆటను విడివిడిగా లెక్కగట్టుకుంటాయి, వాటి మధ్య ఆజ్ఞలు మాత్రమే ప్రయాణిస్తాయి. అందరికీ ఒకేసారి అమలు కావాలి కాబట్టి ఇచ్చిన ఆజ్ఞ కాస్త ఆగి జరుగుతుంది. నెమ్మదైన యంత్రం ఎవరిదైనా అందరి ఆటా నెమ్మదిస్తుంది. ఈ పద్ధతి మూలం నేటికీ మారలేదు. దీనికి రష్‌తో సంబంధం ఉంది. బాణాన్ని తప్పించుకోవడం, విలేజర్‌ను చివరి క్షణంలో తిప్పడం లాంటి చేతి చురుకుదనం మీద ఆధారపడిన రక్షణ మన లైన్ల మీద తడబడుతుంది. గోడ తడబడదు, కట్టెల దగ్గర ముందే నిలబెట్టిన స్పియర్ తడబడడు. వీడియోల్లో హెరా, వైపర్ లాంటి మహామహులు ఒక్క విలేజర్‌తో గుర్రాన్ని ఏడిపించడం చూసి అదే చేయబోవడం కన్నా పది గడుల కట్టె గోడ నయం. ఒక్కోసారి అసలు నెట్టే ఉండదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. అలాంటప్పుడు కూడా ఒక రౌటర్‌కు నాలుగు ల్యాప్‌టాప్‌లు కలుపుకుని జీరో ఏడీ ఆడుకోవచ్చు, దానికి బయటి నెట్ అక్కర్లేదు. జట్టుగా రష్‌ను ఆపడం సాధన చేయడానికి అంతకన్నా మంచి బడి లేదు. ఒకే గదిలో ఉంటారు, ఎవడు ఎప్పుడు రాలేదో అందరికీ కనబడుతుంది.

ఇన్ని ఆటలు, ఇన్ని సలహాలు చూశాక కోనసీమ జట్లకు నేను చెప్పేది రెండే మాటలు. ఈసారి లాబీ తెరిచినప్పుడు మీలో బాగా ఆడేవాణ్ణి ఫ్లాంక్‌లో పెట్టండి. పాకెట్‌లో కూర్చునేవాడు మొదటి అయిదు గుర్రాలూ పక్కవాడి కోసమే చేస్తానని ఆట మొదలవకముందే మాట ఇవ్వాలి, ఇవ్వనంటే వాడికి పాకెట్ ఇవ్వకండి.